మునగని పంటు

విదేశాలకు వెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు చాక్లెట్లు తెస్తారు. మంత్రిగారు ఒక ఆలోచన తెచ్చారు. తిరుగు విమానంలో పక్క సీటాయన దారి పొడుగునా ఫోన్‌లో ఏదో వీడియో గేమ్ ఆడుతూ, భోజనం ట్రే ముందు పెట్టినా తలెత్తలేదట. మనిషి చేత అన్నం మరిపించగల పరిశ్రమ ఒకటి లోకంలో ఉండగా అది మన రాష్ట్రంలో లేకపోవడమేమిటని మంత్రిగారికి మనసు చివుక్కుమంది. దిగీ దిగగానే, పూలదండ ఇంకా మెడలో ఉండగానే, విమానాశ్రయంలో ప్రకటించేశారు. ఇకమీదట వీడియో గేములు ప్రభుత్వమే తయారు చేస్తుంది, ప్రజలు ఆడతారు.

ప్రకటనైతే అయిపోయింది గానీ, గేమ్ ఏ శాఖ కిందికొస్తుందో ఎవరికీ తెలియలేదు. ఆట కాబట్టి మాదేనని క్రీడల శాఖ, బొమ్మలు కదులుతాయి కాబట్టి మాదని సమాచార శాఖ, ఛార్జింగు లేకపోతే ఆడలేరు కాబట్టి మాదని విద్యుత్ శాఖ కొన్నాళ్లు కొట్టుకున్నాయి. ఆ తగువు తీరే దారి కనిపించక చివరికి ఎవరికీ చెందని కొత్త సంస్థ ఒకటి పుట్టించారు. రాష్ట్ర దృశ్యక్రీడా సృజన సంస్థ అని దాని పేరు. కాకినాడ బీచ్ రోడ్డులో దానికో మేడ, మేడ ముందు ఫౌంటెను, ఫౌంటెనుకు ఒక కాపలాదారు ఏర్పాటయ్యారు. ఇక కావలసింది గేమ్ ఒక్కటే.

అది సత్యవేణి దగ్గర ఉంది.

సత్యవేణిది కోనసీమలో ఒక లంక. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో ఊరు. బడికి వెళ్లాలంటే పంటు ఎక్కాలి. పంటు అంటే మరేం లేదు, రెండు నావలు పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచి, దాని మీద మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ గేదెల్నీ ఎక్కించుకుని అవతలి రేవుకు చేర్చేది. వరద రోజుల్లో నది ఎర్రగా పొంగి వస్తుంటే పిల్లలంతా పుస్తకాల సంచులు గుండెలకు హత్తుకుని నోరు మెదపకుండా నిలబడేవాళ్లు. అవతలి ఒడ్డు తగలగానే పంటు ఒక్క కుదుపు కుదిపేది. ఆ కుదుపుకి గుండెలో ఒక సంతోషం పుట్టేది చూడండి, దాని కోసమే తను బడికి వెళ్లేదాన్నని, చదువు అందులో కలిసొచ్చిందని సత్యవేణి ఇప్పటికీ అంటుంది.

పెద్దయ్యాక ఆ పంటునే ఆటగా చేసింది. కాకినాడలో ఒక కాజాల దుకాణం మీద గది తీసుకుని, నేతి వాసన పీలుస్తూ, తనూ ఇమామూ కూర్చుని చేశారు. ఇమాం కోడ్ రాసే కుర్రవాడు, సన్నగా ఉంటాడు, మాట మాత్రం గట్టి. ఆటలో పంటు నడిపే సరంగు మీరే. ఎంతమందిని ఎక్కించాలో, ఎటు తిప్పాలో మీ ఇష్టం. లెక్క తప్పితే పంటు మునుగుతుంది. మూడు ప్రాణాలుంటాయి, మూడుసార్లు మునిగితే మళ్లీ మొదటి రేవు నుంచి రావాలి. సరిగ్గా చేరిస్తే మాత్రం ఫోన్ మీ చేతిలో ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపు సరిగ్గా రావడానికి ఇమాం ఎన్ని తిప్పలు పడ్డాడో కింద కాజాలు వేయించే ఆయనక్కూడా తెలుసు.

సంస్థవాళ్లు వచ్చి, ఈ ఆటను మాకు రాసిచ్చి మీరిద్దరూ ఉద్యోగంలో చేరండి, రాష్ట్రంలో ప్రతి ఫోన్‌లోనూ ఇది ఉంటుంది అన్నారు. ప్రతి ఫోన్‌లోనూ అనే మాటకు సత్యవేణి పడిపోయింది. ఆ కుదుపు ఊరూరా తగులుతుంటే ఇంకేం కావాలనుకుంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"పంటు మునగాలండి. అది మాత్రం తీసెయ్యకూడదండి."

ఎండీ సదాశివమూర్తిగారు తలూపి, ఒప్పందంలో స్వహస్తంతో చేర్చారు: మునక విషయము పరిశీలించబడును.

సదాశివమూర్తిగారు పశుసంవర్ధక శాఖ నుంచి వచ్చారు. పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నారు. చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఎవరినీ కసురుకునేవారు కాదు, అటెండరు టీ తెచ్చినా థాంక్స్ అనేవారు. ఆయన సర్వీసులో ఆయన చేతి కింద ఏదీ చెడిపోలేదని పేరు. ఏదీ పూర్తయిందని కూడా ఎవరూ చెప్పలేదు గానీ, ఆ సంగతి సర్వీసు రిజిస్టర్లో రాయడానికి గడి లేదు.

సంస్థ చూస్తూ చూస్తూ పెరిగింది. డ్రైవర్లు వచ్చారు, ప్రోటోకాల్ ఆఫీసరు వచ్చాడు, ఫౌంటెను కాపలాదారుకు రిలీవరు వచ్చాడు. డెవలపర్ల పోస్టుల్లో వేరే శాఖల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు కూర్చున్నారు. కంప్యూటర్ల టెండరు కోర్టులో పడింది. అంచేత ఆట పనంతా ఇమాం ఇంటి నుంచి తెచ్చుకున్న పాత కంప్యూటర్ మీదే జరిగేది. దానికి కూడా ఒక ఆస్తి నంబరు వేసి అంటించారు.

మొదటి సమీక్షా సమావేశంలోనే గొడవ మొదలైంది.

"లబ్ధిదారుడికి మూడు ప్రాణాలు ఇస్తున్నట్టు నోట్‌లో ఉంది," అన్నారు సదాశివమూర్తిగారు కళ్లజోడు సవరించుకుంటూ. "ఏ జీవో ప్రకారం ఇస్తున్నాం?"

లబ్ధిదారుడెవరో సత్యవేణికి వెంటనే తట్టలేదు. ఆడేవాడక్కా, అని ఇమాం చెవిలో చెప్పాడు.

"జీవో ఏం లేదండి. ఆటల్లో మామూలుగా అలాగే ఇస్తారండి."

"అర్హత ఏమిటి?"

"అర్హతేంటండి, ఆడేవాళ్లందరికీ ఇస్తామండి."

గదిలో కుర్చీలు కదిలాయి. ఏ అర్హతా లేకుండా అందరికీ ఏదైనా ఇవ్వడమనేది అక్కడున్న ఎవరి అనుభవంలోనూ లేదు. సూపరింటెండెంటు భాస్కరం లేచాడు. ఫైలు చూస్తే చాలు, అందులో ఎక్కడ ఆడిట్ అభ్యంతరం పుడుతుందో పసిగట్టగల మనిషి.

"సార్, ఒక ఇంట్లో నలుగురుంటే నలుగురూ విడివిడిగా ప్రాణాలు డ్రా చేసే ప్రమాదం ఉందండి. కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకోవాలండి. ఉన్న ప్రాణం పెట్టుకునే కొందరు అదనంగా తీసుకుంటారండి. అవి బోగస్ ప్రాణాలవుతాయండి."

"ఏరివేత చేపట్టాలి," అన్నారు ఎండీగారు.

ఉపసంఘం వేశారు. ఉపసంఘం ప్రాణం అనే అంశాన్ని కూలంకషంగా పరిశీలించింది. మనిషికి భగవంతుడే ఒక ప్రాణం మంజూరు చేసియున్నందున, సదరు పరిమితిని సడలించే అధికారం మేనేజింగ్ డైరెక్టరు స్థాయిలో లేదని నివేదిక ఇచ్చింది. ఆ ప్రకారం తలా ఒక్క ప్రాణానికి కుదించారు. ఆధార్‌తో అనుసంధానం కూడా చేయమన్నారు. అంతకుముందే పరీక్ష కోసం మూడు ప్రాణాలు వాడేసిన ఇమాంకి, అదనంగా వినియోగించిన రెండు ప్రాణాలు నీ నుంచి ఎందుకు రాబట్టరాదో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది.

"ఉన్నదొకటి. అది ఎలాగూ వీళ్లే తీస్తన్నారు కదక్కా," అన్నాడు ఇమాం ఆ మెమో చదివి. "మిగతాయి ఎక్కణ్నుంచి తెమ్మంటారు?"

సంజాయిషీలో మాత్రం క్షమించమని రాశాడు. ఇంకెప్పుడూ ఒకసారి మించి చావనని హామీ ఇచ్చాడు. ఆ హామీని ఫైల్లో పెట్టుకున్నారు.

అంతటితో ఆగితే ఏదోలా సరిపెట్టుకునేది సత్యవేణి. కానీ ఒక్క ప్రాణమే అని తేలిన మర్నాడు ఎండీగారికి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అందర్నీ పిలిపించారు.

"ఉన్నది ఒక్క ప్రాణం," అన్నారు మెల్లగా. "అది ప్రభుత్వ పంటులో పోయిందనుకోండి. బాధ్యత ఎవరిది?"

భాస్కరం కళ్లు దించుకున్నాడు.

"విచారణ వేస్తారు. పంటుకు ఫిట్‌నెస్ ఉందా, సరంగుకు లైసెన్సుందా అంటారు. సరంగెవరు? లబ్ధిదారుడే. లైసెన్సు లేని లబ్ధిదారుడి చేతికి పంటు ఇచ్చిందెవరు? నేను."

"నిజంగా ఎవరూ చావరు కదండి సార్," అంది సత్యవేణి. "బొమ్మే కదండి."

"నిజంగా చచ్చిపోయినవాళ్ల విషయంలోనే ఇన్ని ప్రశ్నలు రాలేదమ్మా నాకు సర్వీసులో. కాగితం మీద చచ్చిపోయినవాళ్లే ప్రాణం తీశారు." ఆయన మంచినీళ్లు తాగారు. "కాబట్టి పంటు మునగకూడదు."

సత్యవేణికి ఒళ్లు మండింది. అయినా మాట పెంచలేదు. "మునగదని తెలిసిన పంటు నడపడానికి సరంగెందుకండి? భయం లేందే రేవు చేరినా ఏమనిపించదండి. ఒడ్డున కూచుని చూసినట్టుంటది."

"ప్రభుత్వ ఉద్దేశం అదేనమ్మా. లబ్ధిదారుడు క్షేమంగా ఒడ్డున కూర్చోవాలి."

"మునగాలని ఒప్పందంలో ఉందండి."

సదాశివమూర్తిగారు ఒప్పందం తెప్పించి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. "పరిశీలించబడును అని రాశాం. పరిశీలించాం."

ఉద్యోగం వదిలేసి పోదామని ఇమాం అన్నాడు. పోవచ్చు, ఎవరూ పట్టుకు ఆపరు. కానీ ఆట సంస్థది. వీళ్లు పోతే అది ఇక్కడే ఉండిపోతుంది. పిల్లని రైల్లో వదిలేసి మనం దిగిపోయినట్టుంటుందని సత్యవేణి అంది. ఎప్పటికైనా దాన్ని తీసుకునే వెళ్లాలని ఆ రోజే గట్టిగా అనుకుంది.

మునక తీసేశాక మిగతా శాఖలకు ధైర్యమొచ్చింది. తమ అనుమతి లేకుండా నదిలో అంత నీరు ఎందుకు విడుదల చేశారని నీటిపారుదల శాఖ అడిగింది. మోకాలి లోతు మించకూడదని తేల్చారు. సుడిగుండం దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టాలని విపత్తుల శాఖ రాసింది. సుడిగుండంలో బోర్డు నిలబడదని ఇమాం జవాబిచ్చాడు. అయితే సుడిగుండాన్నే తొలగించమన్నారు. ప్రయాణికులందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు, గేదెతో సహా. ఆ గేదె దగ్గర మాత్రం ఎండీగారు స్వయంగా కలగజేసుకున్నారు. చెవికి ట్యాగు లేని గేదె ఎలా ఎక్కిందని అడిగి, ట్యాగు వేయించి, కొమ్ముల వంపు కూడా సరిచేయించారు. ఏ మాటకామాట, అంతకుముందు కంటే గేదె బాగా కుదిరింది. సంస్థ ఉన్నన్నాళ్లలో ఆటలో మెరుగుపడింది అదొక్కటే.

నీళ్లు మోకాలి లోతుకు తగ్గేసరికి పంటు ఇసకలో కూర్చుంది. అప్పుడు రోడ్ల శాఖవాళ్లు ఇక్కడ వంతెన కడితే బాగుంటుందన్నారు. ఆటలో శంకుస్థాపన జరిగింది, శిలాఫలకం మీద ఎవరెవరి పేర్లు ఏ వరసలో ఉండాలో తేలడానికే ఒక నెల పట్టింది. వంతెన మాత్రం రాలేదు. ఆట నిజానికి దగ్గరగా ఉండాలని ఇమాం పట్టుబట్టాడు.

ఆఖరికి ఇలా మిగిలింది. ఆట తెరవగానే పంటు అవతలి రేవులో కట్టేసి ఉంటుంది. మీరు క్షేమంగా చేరుకున్నారు అని అక్షరాలు వస్తాయి. కింద సంతోషం అని ఒక మీట ఉంటుంది. అది నొక్కాలి. ఇంకో మీట పెట్టలేదు, పెడితే ఎవరైనా నొక్కుతారని.

అయినా ఒడ్డు తగిలిన కుదుపు ఇంకా ఉంది. సంతోషం నొక్కగానే ఫోన్ చిన్నగా కుదిపేది. సత్యవేణి దాన్ని చూసుకునే బతుకుతోంది. ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ఆరోగ్య శాఖ నుంచి, కుదుపు గర్భిణులకు మంచిది కాదని కాగితం వచ్చింది. ఇమాం తలుపేసుకుని దాన్ని తీసేశాడు. సత్యవేణి ఫోన్ తీసి సంతోషం నొక్కింది. చేతిలో ఏమీ కదలలేదు. మెట్ల కింద జనరేటరు పక్కన నిలబడి ఏడ్చింది, ఆ చప్పుడులో ఎవరికీ వినపడకుండా, కడుపులో దుఃఖం తీరేదాకా ఏడ్చింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు వేదిక మీద సంతోషం నొక్కారు. చేరుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ప్రపంచంలో ఏ దేశపు గేమ్‌లోనూ ఇంతవరకూ నూటికి నూరు మంది గెలిచింది లేదని సదాశివమూర్తిగారు నివేదిక చదివారు. మంత్రిగారు పొంగిపోయి జిల్లాలకు టార్గెట్లు ఇచ్చారు. నెల తిరిగేసరికి జిల్లాలన్నీ నూరు దాటేశాయి. ఒకటి రెండు జిల్లాల్లో అయితే పంటు ఎక్కినవాళ్ల కంటే దిగినవాళ్లు ఎక్కువగా తేలారు. వాళ్లకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు.

ఆట తెరిచినవాళ్లు మళ్లీ తెరవలేదు. ఎందుకు తెరుస్తారు, చేరిపోయాక? కొన్నాళ్లకు రోజంతా కలిపి ఒక్కరు కూడా ఆడటం లేదని ఇమాం చెప్పాడు. ఆ మాట వినగానే ఎండీగారి ముఖం వెలిగింది.

"సంతృప్త స్థాయికి చేరాం," అన్నారు. "ఇక లబ్ధి పొందాల్సినవాళ్లు మిగల్లేదు."

ఆ మాటే సంస్థ కొంప ముంచింది. లక్ష్యం పూర్తిగా నెరవేరాక సంస్థ ఎందుకని ఆర్థిక శాఖవాళ్లు అడిగారు. ఈలోగా మంత్రిగారు ఇంకో విదేశీ పర్యటన నుంచి వచ్చారు. ఈసారి పక్క సీటాయన పుట్టగొడుగుల సూప్ తాగాడట. చీకటిగా, చల్లగా, ఎవరూ పనిచేయకుండా ఉన్న భవనం ఏదైనా ఉందా అని వెతికితే బీచ్ రోడ్డులో మేడ దొరికింది. దృశ్యక్రీడా సృజన సంస్థను మూసేసి, దాని స్థానంలో పుట్టగొడుగుల సంస్థ పెట్టాలని ఉత్తర్వులొచ్చాయి. డ్రైవర్లూ ప్రోటోకాల్ ఆఫీసరూ అందులోకి మారిపోయారు. ఫౌంటెను కాపలాదారును కదల్చలేదు.

సత్యవేణి ఎండీగారి గదికి వెళ్లింది.

"సార్, నా పంటు నాకిచ్చెయ్యండి."

ఆయన పాపం ఇబ్బంది పడ్డారు. "సంస్థ ఆస్తులన్నీ పుట్టగొడుగులకు బదిలీ అవుతాయమ్మా. బాగున్న ఆస్తిని ప్రైవేటు వ్యక్తికి ఇచ్చే పద్ధతి లేదు. పాడైనదైతే కండెమ్ చేసి వేలం వేస్తాం. అప్పుడెవరైనా కొనుక్కోవచ్చు."

"పంటు పాడైందని ఎలా రాస్తారండి?"

"పంటు మునిగితే పాడైనట్టే." ఆయన నిట్టూర్చారు. "మనది మునగదు కదమ్మా."

సత్యవేణి ఇమాం వంక చూసింది. ఇమాం గొంతు సవరించుకున్నాడు. "పాతది మునుగుద్దండి సార్. మా కంప్యూటర్లో ఉందండి. దానికి మీరు నంబరు కూడా ఏశారు."

సదాశివమూర్తిగారు నంబరు చూశారు. నిజమే, ఆస్తి అదే. అయితే నిబంధన ప్రకారం ముగ్గురు సభ్యుల కమిటీ స్వయంగా నడిపి చూడాలి. మూడు ప్రయత్నాల్లోనూ మునిగితే నిరుపయోగమని రాయవచ్చు. ఒక్కసారి రేవు చేరినా సరే, ఉపయోగకరమైన ప్రభుత్వ ఆస్తి కిందే లెక్క. పుట్టగొడుగుల వాళ్ల బీరువాలోకి పోతుంది.

కమిటీలో ఎండీగారు, భాస్కరం, పుట్టగొడుగుల సంస్థ తరఫున ఒక ఇంజినీరు. ఇంజినీరు వస్తూనే చెప్పేశాడు. "నడిచేదైతే మాకు రాసెయ్యండి. కంపోస్టు మొయ్యడానికి పనికొస్తది." అది నిజం పంటు కాదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెబితే మళ్లీ ఇంకో శాఖకు రాయాల్సి వస్తుందని భాస్కరం భయం.

కంప్యూటర్లోంచి పాత ఆటను ఫోన్‌లోకి ఎక్కించి, మూడు ప్రాణాలతో తెరిచి ఇమాం అందించాడు.

ముందు భాస్కరం ఆడాడు. రేవులో జనం ఎక్కుతామంటే కాదనలేకపోయాడు. అర్హులే కదా, ఎవర్ని ఆపితే ఎవరు పిటిషన్ పెడతారో అనుకుంటూ అందర్నీ ఎక్కించాడు. పంటు రేవు దాటకుండానే మునిగింది. "పారదర్శకంగానే జరిగిందండి," అన్నాడు ఫోన్ ఇచ్చేస్తూ.

తర్వాత ఇంజినీరు. ఆయన దేనికీ వంగడు. అవతలి ఒడ్డుకు సూటిగా గీత గీసినట్టు నడిపాడు. నది పక్క నుంచి వచ్చి పంటును తిప్పి సుడిగుండంలో పడేసింది. నది డిజైనే సరిగ్గా లేదని విసుక్కుని, "మూడోదీ మునిగేదే కదండీ, నాకు భోజనం వేళయింది," అంటూ నివేదిక కింద ముందే సంతకం గీకేసి వెళ్లిపోయాడు.

మిగిలింది ఒక్క ప్రాణం, ఒక్క సదాశివమూర్తిగారు. సత్యవేణికి ఊపిరాడింది. ఈయన చేతిలో ఏదైనా పూర్తవుతుందా? మునుగుతుంది, పంటు నాదవుతుంది అనుకుంది.

ఎండీగారు చెప్పులు విడిచి, ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నారు. రేవులో జనాన్ని చూసి సగం మందినే ఎక్కించారు. మిగతావాళ్లతో, "తర్వాతి ట్రిప్పులో పరిశీలిస్తాం," అన్నారు. అది ఫోన్‌కు వినపడదని ఆయనకు గుర్తులేదు. గేదెను మాత్రం ఎక్కించి సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. పంటు ఎటూ ఒరగకుండా కదిలింది. ఇమాం కంగారుగా సత్యవేణి వైపు చూశాడు. ఆ తూకం వాళ్లిద్దరికీ పట్టుబడటానికి చాలా రోజులు పట్టింది.

నది మధ్యకు వచ్చేసరికి వరద నీరు ఎర్రగా వచ్చి పక్కన కొట్టింది. ఎండీగారి నుదుటి మీద చెమట పట్టింది. గదిలో ఏసీ ఉందన్న సంగతి కూడా ఆయనకు పట్టలేదు. పంటు తిరుగుతోంది. సుడిగుండం ఇంకాస్త దూరంలో ఉంది.

"ఏం చెయ్యాలమ్మా ఇప్పుడు?" అన్నారు తలెత్తకుండా. ఆ గొంతులో భయం ఉంది. అచ్చం లంకలో పంటు మీద నిలబడ్డ పిల్లల భయం.

సత్యవేణి ఊరుకుంటే చాలు. నోరు మూసుకుని నిలబడితే పంటు మునుగుతుంది, ఆట తనకొస్తుంది. ఇమాం కాలితో ఆమె కాలు తొక్కాడు. తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ ఎదురుగా ఒక మనిషి పంటు నడుపుతున్నాడు, అందులో గేదె ఉంది, జనం ఉన్నారు, ఆయన నిజంగా భయపడుతున్నాడు. ఇన్నేళ్లూ తను కావాలనుకున్నది ఇదే కదా.

"నీటికి ఎదురు తిప్పండి సార్," అంది. "ఒడ్డుకేసి చూడకండి. నీళ్లకేసి చూడండి."

ఆయన తిప్పారు. పంటు ఏటవాలుగా జారుతూ, సుడిగుండం అంచును రాసుకుంటూ, మెల్లగా, చాలా మెల్లగా అవతలి రేవుకు వచ్చింది. ఫోన్ ఆయన చేతుల్లో ఒక్క కుదుపు కుదిపింది.

సదాశివమూర్తిగారు ఫోన్‌ను ఇంకా రెండు చేతులతోనే పట్టుకుని ఉన్నారు. "తగిలింది," అన్నారు. తర్వాత సత్యవేణి వంక చూసి, "తగిలిందమ్మా," అన్నారు మళ్లీ. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. భాస్కరం తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. ఇమాం గోడకు తల ఆనించుకున్నాడు.

సత్యవేణి నవ్వుతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆట పోయింది. పోయినా ఒకసారి పనిచేసి పోయింది.

ఎండీగారు నివేదిక ముందుకు లాక్కున్నారు. కింద ఇంజినీరు సంతకం ఒక్కటే ఉంది, పైన అంతా ఖాళీ. చాలాసేపు దాని వంక చూసి కలం మూత తీశారు. మూడు పర్యాయములు మునిగినది, నిరుపయోగము, కండెమ్ చేయవచ్చును అని రాశారు.

"సార్, మీరు చేర్చారు కదండి," అన్నాడు భాస్కరం కంగారుగా. "అది తప్పుడు రికార్డవుద్దండి."

"నూటికి నూరు మంది చేరారని రాసినప్పుడు ఊరుకున్నావుగా భాస్కరం. దీనికీ ఊరుకో." సంతకం పెట్టి కాగితం భాస్కరం వైపు జరిపారు. అతను రెండుసార్లు చదువుకుని తనూ పెట్టాడు.

ఎండీగారు చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ ఆగిపోయారు.

"సర్వీసు మొత్తం మీద నేను చేర్చింది ఇదొక్కటే," అన్నారు. "అదీ మునిగిందని నా చేత్తోనే రాసుకున్నాను. నేను చేర్చానని నీకు తెలుసు కదమ్మా?"

"నేను చూశానండి సార్."

"చాలు," అన్నారాయన.

వేలంలో పంటును విడిగా అమ్మలేదు. కారుతున్న రెండు వాటర్ కూలర్లూ, కాలు విరిగిన సోఫా కలిపి ఒకే లాట్ కింద పెట్టారు. మునిగిన పంటు ఎవడికి కావాలి? పాత ఇనుము కొనేవాళ్లు కూలర్ల కోసం కాస్త పోటీ పడ్డారు గానీ కారడం చూసి వెనక్కి తగ్గారు. అన్నీ సత్యవేణికే వచ్చాయి. సోఫా కాజాల దుకాణం ఆయనకు ఇచ్చేసింది, ఆయన కాలు కింద ఇటుక పెట్టుకుని కూర్చుంటున్నాడు.

గేదె బాగా కుదిరింది సంస్థ ఆటలోనే కాబట్టి దాన్నే తీసుకుని, పైన గదిలో మళ్లీ ఇద్దరూ కూర్చుని నదిలో నీళ్లు నింపారు. సుడిగుండం పెట్టారు, వాన పెట్టారు, లైఫ్ జాకెట్లు మనుషులకు ఉంచి గేదెకు తీసేశారు. చెవి ట్యాగు మాత్రం ఉంచేశారు. మూడు ప్రాణాలు ఇచ్చారు. కుదుపు ఇచ్చారు. ఆట బయటికొచ్చింది. ప్రతి ఫోన్‌లోకీ పోలేదు గానీ పోయిన చోటల్లా జనం తిట్టుకుంటూ ముంచుతున్నారు, ముంచి మళ్లీ ఎక్కిస్తున్నారు. ఒకాయన భోజనం చల్లారిపోయిందని భార్య తిట్టిందంటూ రాశాడు. సత్యవేణి అది ఇమాంకి చదివి వినిపించింది.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. సదాశివమూర్తిగారు. రిటైరై ఇంట్లోనే ఉంటున్నారట. కుశల ప్రశ్నలయ్యాక కాస్త తటపటాయించారు.

"అమ్మా, నాలుగో రేవు దగ్గర గాలివాన ఒకటి పెట్టారు చూడు. ఎంత ఎదురు తిప్పినా నిలవట్లేదు. మూడు ప్రాణాలూ అయిపోయాయి. ఒడ్డు ఇంత దూరంలో ఉండగా గేదెతో సహా మునిగాను." గొంతు తగ్గించారు. "ఇంకొక్క ప్రాణం ఎలాగైనా మంజూరు చెయ్యగలవా?"

సత్యవేణి పెదవి బిగించుకుంది.

"ఏ జీవో ప్రకారం ఇమ్మంటారు సార్?"



"ఆ జీవో రాకుండా చేసింది నేనే కదమ్మా," అన్నారాయన. "సరేలే, మొదటి రేవు నుంచే వస్తాను."